గీత గీసిందీ వాళ్లే, చెరిపేదీ వాళ్లే

మొన్న ఆగస్టు 15న జెండా వందనం అయ్యాక పిల్లలకు చాక్లెట్లు పంచి, స్టాఫ్ రూంలో టీ తాగుతూ కూర్చున్నాం. తోటి మాస్టారు ఒకాయన నన్ను అడిగారు. మనిషి మంచివాడే, కడుపులో కుళ్లు లేనివాడే. "మాస్టారూ, స్వాతంత్ర్యం వచ్చి డెబ్బై అయిదేళ్లు దాటిపోయింది. ఇంకా మీ ఏజెన్సీకి ఆ 1/70 చట్టం ఎందుకండీ? మీ భూమిని మీరు మంచి రేటుకు అమ్ముకునే స్వేచ్ఛ కూడా లేకుండా చేసింది కదా అది? స్వాతంత్ర్యం కోసం పోరాడిన వాళ్లలో మీరూ ఉన్నారు. మరి అందరికీ వచ్చిన స్వేచ్ఛ మీకు మాత్రం వద్దా?"

అప్పటికి నవ్వి ఊరుకున్నాను. పండగ పూట గొడవెందుకనుకున్నాను. ఆ నవ్వు నాకే తర్వాత సిగ్గనిపించింది. మన వాళ్లం ఇట్లా నవ్వి ఊరుకోబట్టే ఆ ప్రశ్న ప్రతి ఊళ్లో, ప్రతి ఆఫీసులో, చివరికి కోర్టుల్లో కూడా న్యాయమైన ప్రశ్నలా చెలామణీ అవుతోంది. అందుకే ఆయనకు చెప్పాల్సిన జవాబు ఇక్కడ రాస్తున్నాను.

చింతలపూడి మామిడి తోటల ఊరు. నూజివీడు వైపు నుంచి ఇక్కడిదాకా తోటలే. వేసవి వస్తే కాయ కోతకు, పెట్టెలు సర్దడానికి, పామాయిల్ గెలలు నరకడానికి ఏజెన్సీ ఊళ్ల నుంచి మన వాళ్లు ట్రాక్టర్లు, ఆటోలెక్కి వస్తారు. ఇక్కడి నుంచి ఈశాన్యంగా జీలుగుమిల్లి వైపు పోతే ఒక చోట ఏజెన్సీ మొదలవుతుంది. అక్కడ గోడ లేదు, కంచె లేదు. ఇటు మామిడి, అటు కూడా మామిడే. జీడిమామిడి, పొగాకు, పామాయిల్ రెండు వైపులా ఒకేలా ఉంటాయి. కానీ కాగితం మీద ఒక గీత ఉంది. ఆ గీతకు ఇవతల భూమి ఎవరైనా ఎవరికైనా అమ్మొచ్చు. అవతల, అంటే జీలుగుమిల్లి, బుట్టాయగూడెం, పోలవరం ఏజెన్సీలో, ఆదివాసీకి తప్ప ఎవరికీ అమ్మడానికి వీల్లేదు. నా జవాబంతా ఈ గీత గురించే. అది చెప్పాలంటే కొంచెం దూరం పోవాలి. అమెరికా దాకా పోవాలి.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధం గురించి మనం చదువుకున్నదీ, పిల్లలకు చెప్పేదీ ఏమిటి? 13 వలసలు. టీ మీద పన్ను. బోస్టన్ రేవులో టీ పెట్టెలు సముద్రంలో పారబోయడం. 1776 జూలై 4న స్వాతంత్ర్య ప్రకటన. జార్జి వాషింగ్టన్. 1783లో పారిస్ సంధి. మార్కులు పడతాయి, పాఠం అయిపోతుంది. ఆ 13 వలసలు ఎవరి నేల మీద వెలిశాయన్నది ఆ పాఠంలో ఉండదు. మహా అయితే "రెడ్ ఇండియన్లు" అని ఒక మాట వస్తుంది. ఆ మాట విని మన పిల్లలు వాళ్లు మన దేశం నుంచి పోయినవాళ్లనుకుంటారు.

ఆ యుద్ధానికి పన్నెండేళ్ల ముందు, 1763లో, ఇంగ్లండు రాజు మూడో జార్జి అమెరికా మ్యాపు మీద ఒక గీత గీశాడు. అపలేచియన్ కొండల శిఖరాల వెంట పోయే గీత. దానికి పడమర ఉన్నది ఆదివాసుల నేల, తెల్ల వలసదారులు అటు పోయి భూములు ఆక్రమించకూడదన్నాడు. ఆదివాసుల మీద ప్రేమతో అన్న మాట కాదది. అదే ఏడాది పాంటియాక్ నాయకత్వంలో ఆదివాసీ జాతులు లేచి వరసగా కోటలు పట్టుకున్నాయి. మళ్లీ మళ్లీ యుద్ధమంటే ఖర్చు. ఖర్చు తగ్గించుకోవడానికి గీత గీశాడు. మన మన్యంలో కూడా గీతలు అట్లాగే పుట్టాయి. ఆ సంగతికి తర్వాత వస్తాను.

వలసదారులకు ఆ గీత గొంతులో ముల్లయింది. గీతకు అవతల భూములు కొలిపించి హక్కు పెట్టుకున్న వాళ్లలో వాషింగ్టన్ ఒకడు. సర్వే పని చేసి పైకొచ్చిన మనిషి, పెద్ద భూస్వామి. టీ పన్ను సంగతి పుస్తకాల్లో ఉంటుంది కానీ, ఆ గీత మీద కోపం కూడా ఆ స్వాతంత్ర్య యుద్ధానికి ఒక కారణమన్న సంగతి మన పాఠాల్లో ఉండదు. మనుషులందరూ సమానంగా పుట్టారని చెప్పిన ఆ స్వాతంత్ర్య ప్రకటనలోనే, రాజు మీద మోపిన నేరాల జాబితాలో చివరిది ఇది: సరిహద్దుల్లో ఉన్న దయాదాక్షిణ్యాలు లేని ఇండియన్ అనాగరికుల్ని మా మీదికి ఉసిగొల్పాడని. అంటే ఆ సమానుల లెక్కలో నేల సొంతదారులు లేరు.

మరి యుద్ధంలో ఆ నేల సొంతదారులు ఏం చేశారు? రెండు వైపులా చేరారు. హోడెనొషోనీ అని పిలుచుకునే ఆరు జాతుల కూటమి ఉండేది. తెల్లవాళ్లు ఇరోక్వాలన్నారు. వాళ్లలో మోహాక్, సెనెకా, కయూగా, ఒనొండాగా జాతుల్లో ఎక్కువ మంది, కనీసం గీత గీసినవాడు కదా అని ఇంగ్లీషువాళ్ల వైపు నిలబడ్డారు. ఒనైడా, టస్కరోరా జాతుల్లో ఎక్కువ మంది అమెరికన్ల వైపు నిలబడ్డారు. 1777 ఆగస్టులో ఒరిస్కనీ దగ్గర ఒకే కూటమి బిడ్డలు ఒకరినొకరు చంపుకున్నారు. వేరేవాళ్ల యుద్ధంలో అన్నదమ్ములు చెరో వైపు చేరడం అంటే ఏమిటో మన మన్యం వాళ్లకు ఎవరూ వివరించక్కర్లేదు.

1779లో వాషింగ్టన్ జనరల్ సల్లివన్‌ను సైన్యమిచ్చి ఇరోక్వా ప్రాంతానికి పంపాడు. ఊళ్లను గెలిచి రమ్మని కాదు, నాశనం చేసి రమ్మని. 40కి పైగా ఊళ్లు తగలబెట్టారు. చేతికొచ్చిన మొక్కజొన్న తగలబెట్టారు. పండ్ల తోటలు నరికారు. కయూగాల ఊరు ఒక్కదానిలోనే సుమారు 1500 పీచ్ చెట్లు నరికారు. ఆ చలికాలం వేలమంది నయాగరా కోట దగ్గర మంచులో ఆకలితో పడి ఉన్నారు. ఆరు జాతులు వాషింగ్టన్‌కు పెట్టిన పేరుకు అర్థం ఊళ్లు నాశనం చేసేవాడు. ఒక దేశానికి జాతిపిత, ఆ నేల మనుషులకు ఊళ్లు కాల్చినవాడు. మామిడి పండుగ చేసి పెద్దలకు పెట్టుకునే దాకా కొత్త కాయ నోట పెట్టని జాతి మనది. పండ్ల చెట్టును శత్రువులా చూసి నరికించిన సైన్యం ఎట్లాంటిదో మనకు అర్థమవుతుంది.

ఇంగ్లీషు వైపు ఉన్నారు కాబట్టి శిక్ష పడిందనుకుందాం. అమెరికన్ల వైపు ఉన్నవాళ్లకు ఏమైంది? 1778లో ఫోర్ట్ పిట్ దగ్గర డెలావేర్ జాతితో అమెరికన్లు సంధి రాసుకున్నారు. కావాలంటే మీ నాయకత్వంలో ఒక రాష్ట్రం ఏర్పడి, మా కాంగ్రెసులో మీ ప్రతినిధి కూర్చోవచ్చని కూడా అందులో ఆశ పెట్టారు. ఆ సంధి చేసిన డెలావేర్ నాయకుడు వైట్ ఐస్ కొన్ని వారాలకే చనిపోయాడు. మశూచితో పోయాడని చెప్పారు. అమెరికన్ మిలీషియా వాళ్లే చంపారని తర్వాత బయటపడింది. 1782 మార్చిలో గ్నాడెన్‌హట్టన్ అనే ఊళ్లో 96 మంది డెలావేర్లను పెన్సిల్వేనియా మిలీషియా చంపింది. వాళ్లు క్రైస్తవం పుచ్చుకున్నవాళ్లు, ఏ వైపూ ఆయుధం పట్టనివాళ్లు. చంపాలా వద్దా అని ఓట్లేసుకుని మరీ చంపారు. ఆడవాళ్లు, పిల్లలు కూడా అందులో ఉన్నారు.

ఆ తర్వాత 1783లో పారిస్ సంధి. ఇంగ్లండు మిసిసిపి నది దాకా నేలను కొత్త దేశానికి రాసిచ్చింది. ఆ సంధిలో ఆదివాసుల ఊసే లేదు. తమ వైపు పోరాడిన జాతుల పేరు కూడా రాజు ఎత్తలేదు. గీత గీసినవాడే గీతను చెరిపి చేతులు దులుపుకున్నాడు. అమెరికన్ల కోసం రక్తం కార్చిన ఒనైడాల భూములు? మీ భూములకు ఢోకా లేదని మాటిచ్చారు. కొన్నేళ్లు తిరక్కుండానే న్యూయార్క్ రాష్ట్రం వాటిలో దాదాపు అంతా తీసేసుకుంది. ఎట్లా తీసుకుంది? కత్తితో కాదు. కొనుక్కుంది. కాగితాలు ఉన్నాయి, వేలిముద్రలున్నాయి, ఇచ్చిన డబ్బు లెక్కా ఉంది. నా తోటి మాస్టారు అడిగిన "అమ్ముకునే స్వేచ్ఛ" ఒనైడాలకు దొరికింది. భూమి మాత్రం మిగల్లేదు.

ఇక మన దగ్గరికి వద్దాం.

1857 తిరుగుబాటు అంటే మీరట్, ఢిల్లీ, ఝాన్సీ అని చెబుతాం. మరుసటి ఏడాది, 1858లో, మన గోదావరి ఒడ్డున కొరుటూరు పెద్ద సుబ్బారెడ్డి ఇంగ్లీషువాళ్ల మీద తిరగబడ్డాడు. కొండరెడ్డి. ఆయన్ను ఆ ఏడాది అక్టోబరులో బుట్టాయగూడెంలో ఉరి తీశారు. అంతటితో కసి తీరలేదు. శవాన్ని ఇనప పంజరంలో పెట్టి రాజమండ్రి కోట దగ్గర వేలాడదీశారు. జనం దాన్ని సుబ్బారెడ్డి సంచి అన్నారు. బుట్టాయగూడెం చింతలపూడికి ఎంత దూరం? బస్సులో పొద్దున పోయి మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. మన బడుల్లో ఎంతమంది పిల్లలకు ఈ పేరు తెలుసు? ఎంతమంది మాస్టర్లకు తెలుసు?

1879లో రంప లేచింది. కల్లు మీద పన్ను వేశారు. మన చెట్టు, మన కల్లు, మన తాగుడు. దాని మీద కాంట్రాక్టర్ పెత్తనం. పోడు మీద ఆంక్షలు. షావుకార్ల అప్పు పత్రాలు. కారం తమ్మన్నదొర, అంబుల్‌రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య ముందు నడిచారు. దాన్ని అణచడానికి సైనిక పటాలాలను దించాల్సి వచ్చింది. ఆ తర్వాత 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి అడవి మొత్తం సర్కారుదైంది.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్ల తుపాకులు మన్యం వాళ్ల చేతికొచ్చాయి. దీనికి మూలం ఏమిటి? నర్సీపట్నం నుంచి లంబసింగి పోయే రోడ్డు పని. ఆ పనిలో కూలి ఎగ్గొట్టి కొట్టి పని చేయించిన తహసీల్దారు. అడవి చట్టాలు. అల్లూరి సీతారామరాజు నాయకత్వాన్ని నేను తక్కువ చేయడం లేదు. మన్యం కోసం ప్రాణమిచ్చిన మనిషిని మన్యం మర్చిపోదు. కానీ ఆయన వెనక నిలబడింది ఎవరు? గాం గంటందొర, గాం మల్లుదొర, గోకిరి ఎర్రేసు, బోనంగి పండుపడాలు. ఆయన 1924 మేలో పోయాడు. ఆయన పోయాక కూడా గంటందొర లొంగలేదు, ఆ జూన్‌లో కాల్పుల్లో చనిపోయాడు. మల్లుదొర అండమాన్ జైలుకు పోయి వచ్చి, 1952లో మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

సీతారామరాజు పుట్టిన రోజు జూలై 4. అమెరికా స్వాతంత్ర్య దినం కూడా అదే. 2022 జూలై 4న భీమవరంలో ఆయన 30 అడుగుల విగ్రహాన్ని ప్రధానమంత్రి ఆవిష్కరించారు. సంతోషమే. అంతకు మూడు నెలల ముందు ఆయన పేరుతో జిల్లా కూడా వచ్చింది. గంటందొర పేరుతో ఏముంది? సుబ్బారెడ్డి పేరుతో ఏముంది? స్వాతంత్ర్య వేడుకలప్పుడు మన వాళ్లను పిలిచి కొమ్ములు పెట్టి డోలు కొట్టించి నాట్యం చేయిస్తారు. స్టేజి దిగాక భోజనం పొట్లం చేతిలో పెట్టి ట్రాక్టరెక్కిస్తారు. మీరు దేశం కోసం పోరాడారని మైకులో చెప్పేవాళ్లే, మీ భూమికి ప్రత్యేక చట్టం ఎందుకని కిందికొచ్చి అడుగుతారు.

ఇప్పుడు గీత సంగతి. ఇంగ్లీషువాళ్లు 1839లో గంజాం, విశాఖపట్నం కొండలను మామూలు చట్టాల నుంచి తప్పించి ఏజెంటు చేతికిచ్చారు. 1874లో షెడ్యూల్డు జిల్లాల చట్టం తెచ్చారు. 1917లో ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకూడదని చట్టం రాశారు. మన వాళ్లలో కొందరు ఇది చూపించి తెల్లదొరలే నయం అంటుంటారు. నేను ఒప్పుకోను. 1917లో మన భూమి కాపాడతామని రాసిన ప్రభుత్వమే లంబసింగి రోడ్డు మీద కూలి ఎగ్గొట్టింది. అడవి లాక్కున్నదీ అదే, సుబ్బారెడ్డిని పంజరంలో వేలాడదీసిందీ అదే. మూడో జార్జి గీసిన గీత ఎందుకో, ఈ గీతా అందుకే. ఫితూరీలు చేస్తున్నారు, ఖర్చవుతోంది, కొంచెం ఊపిరి ఆడనిస్తే కుదురుగా ఉంటారని. ఇంగ్లీషువాడు మన స్నేహితుడు కాడు. 1783లో వాడు తన స్నేహితులకు చేసింది చూశాం కదా.

కానీ 1970లో వచ్చిన గీత వేరు. అది ఎవరి దయా కాదు. 1959లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భూబదిలీ రెగ్యులేషన్ చేసింది. దానికి కన్నాలుండేవి. శ్రీకాకుళం కొండల్లో గిరిజనులు భూముల కోసం, అప్పుల మీద లేచి ప్రాణాలిస్తే, ఆ రక్తం తడి ఆరకముందు 1970లో 1/70 వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి అమ్మేది ఎవరైనా సరే, కొనేది ఆదివాసీ కావాలి, లేదా ఆదివాసుల సహకార సంఘం కావాలి. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి ఆదివాసీ దగ్గర నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది, కాదని రుజువు చేసుకునే బాధ్యత అతనిది. అందుకే ఇది కొందరికి కంట్లో నలుసు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఈ చట్టం అర్థాన్ని ఇంకొంచెం పెంచింది. ప్రభుత్వం కూడా ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకు, ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వకూడదంది.

చట్టం ఉంది కదా, భూమి మన చేతిలో ఉందా? 1990ల మధ్యలో బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, పోలవరం మండలాల్లో కోయలు, కొండరెడ్లు చట్టం మాదేనంటూ భూముల్లో దిగారు. కేసులు, అరెస్టులు, కొట్లాటలు అన్నీ చూశారు. ఆ కేసుల్లో పుట్టి, ఆ కేసుల్లోనే పెళ్లీడుకొచ్చిన పిల్లలున్నారు. చట్టం మాది, తోట వాళ్లది. చట్టం ఉండగానే ఇట్లా ఉంటే, అది లేకపోతే ఏమవుతుందో ఒనైడాలను అడగాలి.

ఇక నా సొంత గీత ఒకటి ఉంది. 2000 సంవత్సరం జనవరిలో వచ్చిన జీవో నంబరు 3. షెడ్యూల్డు ప్రాంతం బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే. నేను టీటీసీ చదివి టీచరునయ్యింది ఆ జీవో వల్లే. కోయ మాట తప్ప తెలుగు రాని ఆరేళ్ల పిల్ల బడికొచ్చి ఏడిస్తే, ఎందుకు ఏడుస్తోందో నాకు అర్థమైంది. అంతకుముందు ఏజెన్సీ బడుల సంగతి ఊళ్లో పెద్దవాళ్లకు తెలుసు. మైదానం నుంచి వచ్చిన మాస్టరు బదిలీ కోసం తిరగడం, బడికి తాళం. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల బెంచి ఆ జీవో కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగ విరుద్ధం అంది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ల జోలికి పోలేదు, అందువల్ల నేను ఉన్నాను. నా దగ్గర చదువుకుని డీఎడ్ చేసిన పిల్లలు లేరు. ఆ తీర్పులో మన భాష గురించి, మన ఆదిమ జీవన విధానం గురించి, ప్రధాన స్రవంతిలో ఇమడలేని తనం గురించి రాసిన మాటలు చదివినప్పుడు నాకు 1776 ప్రకటనలోని చివరి నేరం గుర్తొచ్చింది. తిట్టు మర్యాదగా మారింది. అర్థం మారలేదు.

పోలవరం గురించి చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. లక్షకు పైగా కుటుంబాలు ముంపులో పోతున్నాయి. వాళ్లలో పెద్ద భాగం కోయలు, కొండరెడ్లే. 2014లో ఖమ్మం జిల్లాలోని ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపేటప్పుడు గీతను ఢిల్లీలో జరిపారు. మన గ్రామసభలకు అందులో పాత్ర లేదు. కొన్ని ఊళ్ల వాళ్లను తెచ్చి జంగారెడ్డిగూడెం దగ్గర తాడ్వాయి కాలనీలో, జీలుగుమిల్లి, బుట్టాయగూడెం మండలాల్లో కట్టిన కాలనీల్లో పెట్టారు. వరసగా ఇళ్లు. అడవి లేదు, వాగు లేదు. తునికాకు లేదు, వెదురు లేదు. ఏటి చేపకు మారుగా సంతలో కొన్న చేప.

ముంపులో పోతున్న ఊళ్లలో కొరుటూరు ఒకటి. ఏ కొరుటూరు? సుబ్బారెడ్డి కొరుటూరు. ఇంగ్లీషువాడు ఆ మనిషిని ఉరి తీసి ఊరిని వదిలేశాడు. ఆయన ఏ స్వేచ్ఛ కోసం చనిపోయాడని మైకుల్లో చెబుతున్నారో ఆ స్వేచ్ఛ వచ్చాక ఊరు నీళ్లలో కలుస్తోంది.

దీనికి కూడా అమెరికాలో జోడీ ఉంది. 1794లో కొత్త అమెరికా ప్రభుత్వం సెనెకాలతో సంధి చేసుకుని, మీ నేల మీదేనని వాషింగ్టన్ ప్రభుత్వం తరఫున రాసిచ్చింది. 1960లలో కింజువా డ్యాం కట్టి సుమారు పది వేల ఎకరాల సెనెకా నేలను ముంచేశారు. ఆరు వందల మందిని లేపేశారు. ఆ యుద్ధకాలపు సెనెకా నాయకుడు కార్న్‌ప్లాంటర్ సమాధిని తవ్వి వేరే చోటికి మార్చారు. సంధి మీద సంతకం ఉన్నా, డ్యాం అవసరమైతే సంతకం చెల్లలేదు. సెనెకాలు ఆ అవమానాన్ని మర్చిపోలేదు, పిల్లలకు చెబుతూనే ఉన్నారు. మనం కొరుటూరు గురించి చెబుతున్నామా?

ఇప్పుడు నా తోటి మాస్టారు ప్రశ్నకు నేరుగా వస్తాను.

భూమి అమ్ముకునే స్వేచ్ఛ లేదంటున్నారు. మాస్టారూ, మీ మామిడి తోట అమ్మితే ఆ డబ్బుతో ఏలూరులో ఇల్లు కొనుక్కుంటారు, పిల్లాణ్ని ఇంజనీరింగు చదివిస్తారు. మీకు జీతముంది, బ్యాంకులో పరపతి ఉంది, కోర్టులో వకీలున్నాడు, రిజిస్ట్రారాఫీసులో తెలిసినవాళ్లున్నారు. మా వాడు అమ్మితే ఆ డబ్బు పాత అప్పుకు, ఆసుపత్రికి, పెళ్లికి రెండేళ్లలో అయిపోతుంది. మూడో ఏడు తన భూమిలోనే కూలికి పోతాడు. ఈ కథ మేం ఊహించి చెప్పడం లేదు, మా తాతల కాలం నుంచి చూసి చెబుతున్నాం. సంతలో మేక, తోడేలు ఇద్దరికీ ఒకే స్వేచ్ఛ ఇస్తే ఇంటికెళ్లేది ఒకరే.

దేశమంతా ఒకటే చట్టం అంటున్నారు. అయిదో షెడ్యూలు కూడా ఆ దేశ రాజ్యాంగంలో ఉన్నదే. మేం బయటి నుంచి తెచ్చింది కాదు. పెసా చట్టం 1996లో, అటవీ హక్కుల చట్టం 2006లో పార్లమెంటు చేసినవే. దేశ చట్టం అమలు చేయమని మేం అడుగుతుంటే, దేశ చట్టానికి మేం అడ్డమన్నట్టు మాట్లాడడం ఏం న్యాయం?

ఏజెన్సీలో పేద గిరిజనేతరులు లేరా అంటారు. ఉన్నారు. కూలికి వచ్చి గుడిసె వేసుకున్నవాడితో మాకు తగువు లేదు. మా తగువు చట్టం తెలిసి, బినామీ పేరుతో వందల ఎకరాలు సాగు చేసుకుంటూ, తన ముందు ఆ పేదవాణ్ని డాలులా నిలబెట్టేవాడితో.

మన వాళ్లకూ రెండు మాటలు చెప్పాలి. ఎదుటివాణ్ని తిట్టి ఇంట్లో తప్పు దాచుకుంటే ఈ వ్యాసానికి విలువ లేదు. బినామీ కాగితం మీద ఉన్న పేరు ఎవరిది? మన అన్నదే, మన బావదే. ఏడాదికి నాలుగు బస్తాల బియ్యానికి, పండక్కి ఒక సీసాకి పేరు అద్దెకిస్తున్నాడు. గ్రామసభ రిజిస్టరులో సంతకాలు ఇంటింటికీ తిరిగి పెట్టించుకుపోతుంటే పెడుతున్నది మనమే. ఒనైడాల కాగితాల మీద వేలిముద్రలు కూడా ఎవరో బలవంతంగా నొక్కినవే కావు. కొన్ని వాళ్ల పెద్దలే వేశారు. వాళ్ల మనవలు రెండు వందల ఏళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. ఇంగ్లీషువాడి వైపో అమెరికన్ వైపో ఎవడు నయమని వెతికిన జాతులు రెండు చోట్లా నష్టపోయాయి. ఈ పార్టీయా ఆ పార్టీయా అని మనం కొట్టుకుంటుంటే ఒరిస్కనీ గుర్తు పెట్టుకోవాలి.

కాబట్టి చేయాల్సినవి కొన్ని రాస్తాను. ప్రతి ఏజెన్సీ ఊళ్లో 1/70ని గ్రామసభలో కోయ మాటలో చదివి వినిపించాలి. చదువుకున్న ప్రతివాడూ తన ఊరి భూమి కేసుల నంబర్లు ఒక నోటుబుక్కులో రాసి పెట్టాలి. పేరు అద్దెకిచ్చినవాణ్ని పంచాయితీలో నిలబెట్టి అడగాలి. జీవో 3 కొట్టేశారు కాబట్టి దాని స్థానంలో కోర్టు ముందు నిలబడే చట్టం తేవాలని ఎన్నికల్లో ఓటు అడిగే ప్రతి ఒక్కరినీ అడగాలి. పోలవరం నిర్వాసితులకు డబ్బు సంచి కాదు, 2013 భూసేకరణ చట్టం ప్రకారం భూమికి భూమి, ఊరు మునగక ముందే, సాగుకు పనికొచ్చే భూమి ఇవ్వాలి. ఆ భూమి ఇక్కడి ఆదివాసీ నోటి దగ్గరి భూమి కాకూడదు. ఒక కోయకు ఇవ్వడానికి ఇంకో కోయ కేసులో ఉన్న భూమి చూపించడం ఆఫీసర్లకు తేలిక, మనకు తగువు.

టీచర్లుగా ఉన్న మన వాళ్లు ఒక పని చేయగలరు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఏ స్వాతంత్ర్య పాఠం చెప్పినా, అమెరికాదైనా మనదైనా, చివర ఒక ప్రశ్న వేయండి. స్వాతంత్ర్యం వచ్చిన మర్నాడు ఆ నేల ఎవరి పేర ఉంది? పిల్లలు అడవిలో పుట్టినవాళ్లు, జవాబు వాళ్లే చెబుతారు.

వచ్చే ఆగస్టు 15కి మా బడిలో జెండా ఎగరేస్తాం. అది మా జెండా కూడా, దాని కింద మా వాళ్ల ప్రాణాలున్నాయి. గాంధీగారి పటం పక్కన ఈసారి ఒక అట్ట మీద కొరుటూరు సుబ్బారెడ్డి, కారం తమ్మన్నదొర, గాం గంటందొర పేర్లు పిల్లల చేత రాయించి పెడతాను. ఆ తర్వాత టీ తాగేటప్పుడు ఆ మాస్టారు మళ్లీ అడిగితే ఈసారి నవ్వి ఊరుకోను. ఈ పుస్తకం ఆయన చేతిలో పెట్టి, పక్కన కూర్చుని, చదివేదాకా ఉంటాను.